వాకర్ ‘క్రీపింగ్ ఎటాక్’: తెలివైన పద్ధతా, డెప్త్ చార్జ్‌ల దుబారానా?

ఉప్పుగాలి: రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ యూ-బోట్లను (జలాంతర్గాములను) వేటాడిన బ్రిటిష్ కెప్టెన్ ఫ్రెడరిక్ జాన్ వాకర్ గొప్పవాడే, కాదనను. కానీ చప్పుడు లేకుండా మెల్లగా బోటు మీదికెళ్లే ఆయన క్రీపింగ్ ఎటాక్‌ని మరీ నెత్తిన పెట్టుకుంటున్నాం. బ్రిటిష్ లెక్కల్లో దాదాపు 60 డెప్త్ చార్జ్ (సెట్ చేసిన లోతులో పేలే బాంబు) దాడులకు ఒక బోటు మునిగింది. ఓడ ముందుకు చిన్న బాంబులు విసిరే హెడ్జ్‌హాగ్‌కి ఆరు దాడులు చాలాయి.

లోతుమనిషి: ఆ 60లో ఎక్కువ భాగం ఒంటరి ఓడ వేగంగా మీదికెళ్లి వేసినవండీ. బోటు 700 అడుగుల లోతులో ఉందనుకోండి. ఓడ దగ్గరికి వస్తుంటే ఆస్డిక్ (నీటిలో ధ్వని పంపి ప్రతిధ్వనితో బోటును పట్టే పరికరం) ధ్వని బోటు మీదుగా దాటిపోతుంది, చివరి కొన్ని వందల గజాలు గుడ్డి ప్రయాణమే. మామూలు చార్జ్ సెకనుకు సుమారు 10 అడుగులు దిగుతుంది, అంటే 70 సెకన్లు. ఈలోపు 4 నాట్ల మీద బోటు 150 గజాలు జరుగుతుంది. పేలుడేమో ఇరవై ముప్పై అడుగుల లోపు జరిగితేనే బోటు గోడ పగిలేది.

వాకర్ ఏం చేశాడు? ఒక ఓడ వెయ్యి గజాలకు పైగా వెనక నిలబడి ఆస్డిక్‌తో బోటును పట్టి ఉంచుతుంది. రెండోది ఆస్డిక్ ఆపేసి, 5 నాట్ల మీద చప్పుడు లేకుండా బోటు నెత్తి మీదికి వెళ్తుంది. వెనక ఓడ రేడియోలో చెప్పగానే జంటలు జంటలుగా ఇరవైకి పైగా చార్జ్‌లు. కింద వినేవాడికి దూరపు పింగ్ (ఆస్డిక్ చప్పుడు) తప్ప మరేమీ తెలియదు, అందుకే తప్పుకోడు.

ఉప్పుగాలి: ఇది లోతు బోట్లకే పనికొస్తుంది కదా. 5 నాట్ల మీద పోతూ తక్కువ లోతుకు సెట్ చేసిన చార్జ్‌లు వేస్తే సొంత ఓడ వెనక భాగమే లేచిపోతుంది. పైగా 1943 జూన్‌లో యూ-202 మీద పట్టిన సమయం సుమారు 15 గంటలు. కాన్వాయ్‌ని (సరుకు ఓడల బారుని) కాచే ఎస్కార్ట్ ఓడకి అంత తీరికెక్కడిది? 1941 డిసెంబర్‌లో హెచ్‌జీ 76 కాన్వాయ్‌ని కాస్తూ ఆయన గ్రూపు నాలుగు బోట్లను ముంచింది, క్రీపింగ్ లేకుండానే.

లోతుమనిషి: ఆ తీరిక కోసమే కదా సపోర్ట్ గ్రూపు, అంటే కాన్వాయ్‌ని అంటిపెట్టుకోకుండా బోట్లను వేటాడే ఓడల గుంపు! 1944 జనవరి 31 నుంచి ఫిబ్రవరి 19 దాకా ఒక్క ప్రయాణంలో వాకర్ గ్రూపు ముంచినవి ఆరు బోట్లు. హెడ్జ్‌హాగ్ బాంబు తగిలితేనే పేలుతుంది, లోతుకు దిగేసరికి గురి చెదిరిపోతుంది.

దిక్సూచి: ఇద్దరూ స్క్విడ్‌ని వదిలేశారు. ఆస్డిక్ చెప్పిన లోతునే ఫ్యూజులకు అందించి, పట్టు తప్పకముందే ముందుకు విసిరే మోర్టార్. వాకర్ 1944 జూలై 9న పోయారు. జూలై 31న ఆయన ఓడ స్టార్లింగ్ వేటలో ఉండగానే, మరో బ్రిటిష్ ఓడ లోక్ కిలిన్ స్క్విడ్‌తో యూ-333ని ముంచింది. గుడ్డి సమయం అనే చిక్కు వాకర్ సరిగ్గానే పట్టుకున్నారు. దానికి రెండో ఓడ అక్కర్లేని మందు మాత్రం ఇదే.