కూతురికి మాట ఇచ్చిన కవయిత్రి: క్యాథీ జెట్నిల్-కిజినర్ కవితలపై ఒక ప్రశ్న

వేళచ్చేరి పాఠకురాలు:
అందరికీ నమస్కారం. పసిఫిక్ మహాసముద్రంలోని మార్షల్ దీవుల కవయిత్రి క్యాథీ జెట్నిల్-కిజినర్‌ను వచ్చే నెల చెన్నైలోని మా తెలుగు మిత్రుల సాహిత్య సమావేశంలో పరిచయం చేయవలసి ఉంది. 2014 సెప్టెంబరు 23న న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి వాతావరణ శిఖరాగ్ర సమావేశం ప్రారంభమైనప్పుడు, ఏడు నెలల తన కూతురిని ఉద్దేశించి ఆమె చదివిన కవితతో మొదలుపెడదామని అనుకుంటున్నాను. అది బిడ్డ బోసినవ్వుతో మొదలవుతుంది. ఆ పసిదాని తొడలు ఉరుములు, కేకలు మెరుపులు. అరటిపండన్నా, పొద్దున్నే తల్లితో ఉప్పునీటి సరస్సు ఒడ్డున షికారన్నా దానికి ప్రాణం. ఆ సరస్సే ఒకనాడు నిన్ను మింగుతుందని అంటున్నారమ్మా అని చెప్పిన తల్లి, అలా జరగనివ్వనని వెంటనే మాట కూడా ఇస్తుంది.

నా సందేహం ఇక్కడే. సముద్రమట్టానికి సగటున రెండు మీటర్ల ఎత్తు మాత్రమే ఉన్న పగడపు దీవుల్లో నిలబడి, తన చేతిలో లేనిదానికి ఒక తల్లి మాట ఇవ్వవచ్చునా? 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వేళ మా వీధి నీట మునిగినప్పుడు, ‘నీళ్ళు ఇంట్లోకి రావు కదమ్మా’ అని అడిగిన మా పాపకు ‘రావు’ అని చెబుతూనే బియ్యం డబ్బాను అటక మీదికి ఎక్కించాను. అందువల్ల ఆ పంక్తులు నన్ను కదిలించినంతగానే ఇబ్బంది పెట్టాయి. మాతృత్వాన్ని ఆమె వినేవారి మనసు కరిగించడానికి మాత్రమే వాడుకున్నారా అన్నది కూడా తేల్చుకోలేకపోతున్నాను.

మైలాపూరు ఉపాధ్యాయుడు:
అమ్మా, మాట ఇచ్చిన తరువాత వచ్చే భాగాన్ని మరొకసారి చదవండి. ఎవరూ తమ నేలను పోగొట్టుకోరని చెబుతున్న తల్లి, హఠాత్తుగా బిడ్డ నుంచి చూపు మరల్చి, పాపువా న్యూగినీలోని కార్టెరెట్ దీవుల వారికీ, సొలొమన్ దీవుల్లోని టారో వాసులకూ క్షమాపణ చెబుతుంది. ఇల్లూ వాకిలీ వదలి వెళ్ళవలసిన స్థితి వారికి అప్పటికే వచ్చింది. ఆ క్షమాపణ లేకపోతే మీరన్నట్టు అది ఉత్త ఊరడింపుగా మిగిలేది. కొందరి విషయంలో మాట ఇప్పటికే తప్పిందని ఒప్పుకొని, ఇక్కడి నుంచి మాత్రం ఒక్క అడుగు కూడా వెనక్కి వేయబోమని గీత గీయడం వల్లనే దానికి బరువు వచ్చింది.

పైగా ఆమె మాట ఇచ్చింది సముద్రం పెరగదని కాదు, పోరాడతామని; అమ్మా నాన్నా, అమ్మమ్మా తాతయ్యా, దేశమూ దేశాధ్యక్షుడూ కూడా పోరాడతారని. వినవలసింది బిడ్డే అయినా, సాక్షులుగా ఎదుట కూర్చున్నది ప్రపంచ దేశాల అధినేతలు. ఆ మరుసటి సంవత్సరం పారిస్‌లో, భూతాపం పెరుగుదలను 1.5 డిగ్రీలకు పరిమితం చేయాలన్న లక్ష్యాన్ని ఒప్పందంలో చేర్చడానికి పట్టుబట్టిన కూటమిని ముందుండి నడిపించినవారు మార్షల్ దీవుల విదేశాంగ మంత్రి టోనీ డిబ్రూమ్ అన్నది కూడా మీ సభలో చెప్పండి.

తాంబరం నుంచి ఒక గృహిణి:
రెండవ ప్రశ్నకు నాకు తోచినది చెబుతాను. నేలతల్లి, కడలితల్లి అనడం మన కవిత్వంలో ఎంత అలవాటైపోయిందంటే, మాతృత్వం కనబడగానే దాన్ని అలంకారంగానే చదువుతాము. మార్షల్ దీవుల్లో భూమి హక్కు తల్లి వైపు నుంచి సంక్రమిస్తుంది. ఆ నేల మునిగితే తల్లి నుంచి కూతురికి దక్కవలసినదే దక్కకుండా పోతుంది. అంచేత ఆ కవితలో తల్లి గొంతు మనసు కరిగించడానికి తెచ్చిపెట్టుకున్నది కాదు. వారసత్వం తెగిపోతున్నప్పుడు మాట్లాడవలసిన మనిషి ఆమే. కవయిత్రి తల్లి హిల్డా హైనె 2016లో ఆ దేశానికి తొలి మహిళా అధ్యక్షురాలు అయ్యారు.

2018లో వచ్చిన ఆమె కవిత ‘అనాయింటెడ్’ను కూడా వదలవద్దు. 1946 నుంచి 1958 వరకు అమెరికా ఆ దీవుల్లో 67 అణుపరీక్షలు జరిపింది. అక్కడి ఎనెవెటాక్ పగడపు దీవుల వలయంలోని రునిట్ దీవి మీద, ఒక పరీక్ష మిగిల్చిన గోతిలోనే అణుధూళి పట్టిన మట్టినీ వ్యర్థాలనూ పోసి, పైన కాంక్రీటు గుమ్మటం కట్టారు. అడుగున మాత్రం ఏ పొరా వేయలేదు. కొడుక్కి తన డిప్పలోని ముక్కను మహిమతో ఇచ్చిన తాబేలు దేవత కథను కవయిత్రి ఆ గుమ్మటం పక్కన నిలబెట్టి చెబుతుంది. తల్లి ఇచ్చిన శక్తి ఒకవైపు, పరాయివారు పాతిపెట్టిన విషం మరొకవైపు. నాకైతే న్యూయార్క్ కవిత కంటే ఇదే గొప్పగా అనిపిస్తుంది.

ఎన్నూరు పాఠకుడు:
పెద్దలు చెప్పినవాటితో ఏకీభవిస్తూ, ఒక్క విషయంలో జాగ్రత్తగా ఉండమని కోరుతున్నాను. మీ వీధి ముంపునూ ఆ దీవుల ముంపునూ సభలో ఒకే గాట కట్టకండి. వేళచ్చేరి మునగడంలో వాన పాత్ర ఎంత ఉన్నా, పళ్ళికరణై చిత్తడినేలను భవనాలతో నింపి, పెరుంగుడి వైపు చెత్తకుప్పగా మార్చిన మన పాత్ర కూడా ఉంది. మిగిలిన చిత్తడినేల 2022లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలల రామ్సర్ జాబితాకెక్కింది గాని, పోయిన నేల తిరిగి రాలేదు. మార్షల్ ప్రజలు మాత్రం తాము చేయని తప్పుకు నేలను కోల్పోతున్నారు. 2018లో గ్రీన్‌లాండ్ కవయిత్రి అకా నివియానాతో కలిసి ఆమె మంచు మీద నిలబడి చదివిన ‘రైజ్’లో, కరుగుతున్న మంచు వారిదీ, ఆ నీటిలో మునిగే ఇల్లు వీరిదీ అయినా, ఇద్దరూ ఒకరినొకరు అక్కాచెల్లెళ్ళుగా పిలుచుకుంటారు, నింద మాత్రం వారిద్దరినీ దాటి, సుఖాలు వదులుకోని దేశాల వైపు వెళుతుంది. దాని వీడియో దొరుకుతుంది. మీ సమావేశంలో ముందు అది చూపించి, ఆ తరువాత కూతురి కవితను, క్షమాపణ భాగాన్ని కోసివేయకుండా, పూర్తిగా చదవండి.