ప్రతి క్లాసులో లాగర్ లైను రాయాలా, ఆస్పెక్ట్‌కి వదిలేయాలా?

తుంగభద్ర: మా స్ప్రింగ్ (జావా ఫ్రేమ్‌వర్క్) ప్రాజెక్టులో 300 దాకా క్లాసులున్నాయి. ప్రతిదాని నెత్తినా అదే ప్రైవేట్ స్టాటిక్ ఫైనల్ లాగర్ లైను, అంటే ఆ క్లాసు పేరుతో లాగ్ (ప్రోగ్రాం నడుస్తూ రాసే చిట్టా) రాయడానికి పెట్టేది. మొన్న కాపీ కొట్టిన చోట పక్క క్లాసు పేరు మార్చడం మరిచారు. ఇన్వాయిస్ ఎర్రర్లన్నీ కస్టమర్ క్లాసు పేరు మీద పడ్డాయి, సగం రోజు వేరే ఫైల్లో వెతికాను. ఇక ఆస్పెక్ట్‌జే పెట్టేద్దామని ఉంది: చాలా క్లాసులకి కావాల్సిన కోడుని ఆస్పెక్ట్ అని ఒక్క చోట రాస్తే అన్నిటికీ అదే తగిలిస్తుంది. మీరేమంటారు?

మెలిక: పెట్టేయండి. పర్‌టైప్‌వితిన్ అని రాస్తే ఒక్కో క్లాసుకి ఒక్కో ఆస్పెక్ట్ ఇన్‌స్టెన్స్ వస్తుంది. క్లాసు స్టాటిక్ ఇనిషియలైజేషన్ (క్లాసు మొదటిసారి సిద్ధమయ్యే ఘట్టం) దగ్గర దాని పేరుతోనే లాగర్ పుడుతుంది, పేరు తప్పే ప్రసక్తే లేదు.

పాతకాపు: మెలిక గారూ, ఆ లాగర్ ఉండేది ఆస్పెక్ట్‌లో, క్లాసులో కాదు. పోనీ ఆస్పెక్ట్‌లోంచి క్లాసులోకి ఫీల్డు చేరుద్దామన్నా, ప్రైవేట్ అని రాస్తే అది ఆస్పెక్ట్‌కే కనబడుతుంది, క్లాసులోని కోడుకి అందదు. ఇక మిగిలేది "మెథడ్‌లోకి వచ్చింది, బయటికి వెళ్లింది" అనే లైన్లే. ఒక రాత్రి రీఫండ్లు ఆగిపోతే సరిగ్గా అలాంటి లాగే నా ముందుంది. రీఫండ్ మెథడ్‌లోకి వచ్చింది, ఫాల్స్‌తో వెళ్లింది. ఎందుకు ఫాల్స్? గడువు దాటిందా, మొత్తం సరిపోలేదా? ఆ ఇఫ్ పక్కన మనిషి రాసిన ఒక్క లైను ఉంటే పది నిమిషాల్లో తేలేది. తెల్లారింది.

తుంగభద్ర: అయ్యో. స్ప్రింగ్‌లోనే ఉన్న ఆస్పెక్ట్ సదుపాయం, స్ప్రింగ్ ఏఓపీతో సరిపెట్టుకుంటే?

పాతకాపు: అది ప్రాక్సీ మీద, అంటే అసలు ఆబ్జెక్టు ముందు నిలబడి బయటి పిలుపుల్ని అందుకునే మధ్యవర్తి మీద నడుస్తుంది. అదే క్లాసులో ఒక మెథడ్ ఇంకోదాన్ని పిలిస్తే ఆ పిలుపు ప్రాక్సీ గుండా పోదు, లాగ్ పడదు. ప్రైవేట్ మెథడ్లదీ అంతే. మీ బాధ ఆ ఒక్క లైనే అయితే లాంబాక్ అని, ఇలాంటి లైన్లు తనే రాసిపెట్టే లైబ్రరీ ఉందిగా! క్లాసు మీద ఎస్‌ఎల్‌ఎఫ్4జే అనొటేషన్ (@Slf4j అనే గుర్తు) పెట్టండి. కంపైల్ అయ్యేటప్పుడు సరైన పేరుతో ఫీల్డు అదే చేరుస్తుంది, క్లాసులో ఎక్కడైనా వాడుకోవచ్చు.

మెలిక: రీఫండ్ మాట ఒప్పుకుంటాను. కానీ ఏ మెథడ్ ఎన్ని మిల్లీసెకన్లు తీసుకుంది, ఏ ఎక్సెప్షన్ విసిరింది అన్నవి 300 చోట్ల చేత్తో రాస్తే ముప్పై చోట్ల మరిచిపోతారు. అక్కడ ఆస్పెక్ట్‌ని వదులుకోను.

తుంగభద్ర: అయితే ఫీల్డుకి లాంబాక్, టైమింగ్‌కి సర్వీస్ లేయర్ (అసలు పనులు చేసే క్లాసులు) మీద ఒక్క ఆస్పెక్ట్. ఇన్వాయిస్ మాడ్యూల్‌తో ఈరోజే మొదలుపెడుతున్నాను.