తెలుగు చదివే యాప్‌లో ‘స్త్రీ’ ముక్కలవుతోంది, ఏం చేయాలి?

ప్రశ్న (మధురవాడ, విశాఖ): 3 నుంచి 5 తరగతుల పిల్లలు తెలుగు చదివే యాప్‌ని మళ్లీ డిజైన్ చేస్తున్నాం. చదువుతుంటే మాట మాటా వెలగాలి. కానీ ‘స్త్రీ’ మూడు ముక్కలవుతోంది, వత్తులు తెగుతున్నాయి. టీచర్ల పేజీ కూడా మార్చాలి. ఎక్కడ మొదలుపెట్టాలండీ?

జవాబు 1: ముందు అక్షరం సంగతి చూడండి. ‘స్త్రీ’ కంటికి ఒకటే, యూనికోడ్‌లో (కంప్యూటర్లు అక్షరాలకు వాడే సంకేతాల ప్రమాణం) 6 సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం. యూనికోడ్ 15.1కి ముందరి నియమాలతో నడిచే లైబ్రరీలు (యాప్‌లో వాడుకునే రెడీమేడ్ కోడ్) పొల్లు దగ్గర కోసేస్తాయి. లైబ్రరీ మార్చండి, రంగు మాత్రం మాట మొత్తానికే వేయండి. అక్షరాల మధ్య అదనపు ఎడం వద్దు. వరస ఎత్తు ఫాంటు సైజుకి 1.7 రెట్లతో మొదలుపెట్టి, ‘రాష్ట్రం’ కింద ‘కిటికీ’ పెట్టి చూడండి. వత్తు వెళ్లి గుడిని తాకితే ఇంకా పెంచాలి. ఇంగ్లీషుకి సరిపోయే 1.2 మనకు చాలదు.

జవాబు 2 (గాజువాక): టీచరుకి గ్రాఫులొద్దు. ఎవరు ఏ మాట దగ్గర ఆగారో ఆ జాబితా చాలు. బటన్లు 48 డీపీకి (ఆండ్రాయిడ్ తెర మీద సైజు కొలత) తగ్గకూడదు. పాఠం, ఆడియో ముందే ఫోన్లోకి దిగాలి.

జవాబు 3: ఆగిన ప్రతిచోటా తప్పు కాదండీ. పిల్లలు గుణింతం కూడబలుక్కుంటారు. 3 సెకన్లు దాటితేనే గుర్తు పెట్టండి.