కొట్లో 2 జీబీ గ్రాఫిక్స్ అన్నారు, గేమ్ మాత్రం కదలట్లేదు. అసలు కార్డు ఉందో లేదో ఎట్టా తేల్చుకోవాలి?

కావలి కుర్రోడు:
అన్నలకు నమస్తే. ఆఫీసుల్లో వాడి తీసేసిన సన్న డబ్బా సిస్టమ్ ఇది. ఐ5-3470, ర్యామ్ 8 జీబీ ఒకటే స్టిక్, విండోస్ 10. "2 జీబీ గ్రాఫిక్స్ ఉంది" అని చెప్పి ఇచ్చారు. సెట్టింగ్స్‌లో కూడా 2112 ఎంబీ అనే చూపిస్తోంది. వాలరెంట్ గేమ్‌లో సెట్టింగ్స్ అన్నీ బాగా తగ్గించి పెట్టినా ఆగి ఆగి నడుస్తోంది. జీటీఏ 5 కూడా ఆడాలని ఉంది. 2 జీబీ ఉన్నా ఇట్టా ఎందుకు? టాస్క్ మేనేజర్‌లో చూడమంటారు గానీ నా దాంట్లో జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) అనే వరసే లేదు. కార్డు వేయాల్సొస్తే ఏది పడుతుంది?

పెన్నాగట్టు:
తమ్ముడూ, ఆ 2112 కార్డు మెమరీ కాదు. నీ ర్యామ్‌లోంచి తీసుకోగలిగింది కూడా కలిపి చెప్పే లెక్క. విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కు. వచ్చిన పెట్టెలో ఇంగ్లీషు అక్షరాలు డి, ఎక్స్, డి, ఐ, ఏ, జి వరసగా ఖాళీ లేకుండా కొట్టి ఎంటర్ చెయ్. పైన డిస్‌ప్లే ట్యాబ్‌కి వెళ్తే మెమరీ కింద మూడు అంకెలుంటాయి: మొత్తం, డిస్‌ప్లే మెమరీ, షేర్డ్. నీ ప్రాసెసర్‌కి అవి 2112, 32, 2080 అని రావాలి. సొంతం 32 ఎంబీనే, మిగతా 2080 ర్యామ్ నుంచి అరువు. విడిగా కార్డు ఉన్న సిస్టమ్‌లో ఆ మధ్య అంకె 2000 దగ్గరో 4000 దగ్గరో ఉంటుంది. కొట్లో సిస్టమ్ చూసేటప్పుడు ఈ మధ్య అంకె మీదే వేలు పెట్టి అడగాలి.

అదే పేజీలో పైన పేరు ఉంటుంది. ఇంటెల్ హెచ్‌డీ గ్రాఫిక్స్ అని ఉంటే ప్రాసెసర్‌లో ఉన్నదే, కార్డు లేదు. మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని ఉంటే మాత్రం తొందరపడి తిట్టొద్దు, డ్రైవర్ ఎక్కలేదని అర్థం. అప్పుడు డివైస్ మేనేజర్‌లో దాని ప్రాపర్టీస్ తెరిచి, డీటెయిల్స్‌లో హార్డ్‌వేర్ ఐడీస్ చూడు. అక్కడ VEN అన్న అక్షరాల పక్కన 8086 ఉంటే చిప్ చేసింది ఇంటెల్, 10డీఈ ఉంటే ఎన్విడియా, 1002 ఉంటే ఏఎండీ.

ఇంకో చోట అందరూ మోసపోతారు. అదే టూల్ మొదటి పేజీలో డైరెక్ట్ఎక్స్ 12 అని ఉంటుంది, అది విండోస్‌ది. నీ చిప్ ఎంతవరకు మోయగలదో డిస్‌ప్లే పేజీలో ఫీచర్ లెవెల్స్ అన్న వరసలో ఉంటుంది. నీకు 11_0 దగ్గర ఆగుతుంది. డైరెక్ట్ఎక్స్ 12 తప్పనిసరి అన్న గేమ్ నీ దాంట్లో తెరుచుకోదు, సెట్టింగ్స్ ఎంత తగ్గించినా అంతే.

టాస్క్ మేనేజర్ సంగతి: జీపీయూ వరస రావాలంటే డ్రైవర్ మోడల్ డబ్ల్యూడీడీఎం 2.0 గానీ ఆపైది గానీ కావాలి. నీ ఐ5-3470 లాంటి మూడో తరం ఇంటెల్ డ్రైవర్లు అంతకంటే పాతవి. సిస్టమ్ పాడైందని కాదు.

ఇక అసలు కారణం. వాలరెంట్ సెకనుకి 30 ఫ్రేములకి (తెర మీద బొమ్మ 30 సార్లు మారడానికి) అడిగే కనీసం ఇంటెల్ హెచ్‌డీ 4000. ఐ5-3470లో ఉన్నది హెచ్‌డీ 2500. పేర్లు పక్కపక్కనే ఉన్నా 4000లో బొమ్మ లెక్కలు చేసే ఎగ్జిక్యూషన్ యూనిట్లు 16, 2500లో 6. ఒకే తరం, ఒకే సాకెట్, సగం కూడా లేదు. గేమ్ నడవకపోవడంలో నీ సెట్టింగ్స్ తప్పేం లేదు.

ఉదయగిరి కోట:
ఇంకో 4 జీబీ స్టిక్ వేసి డ్యూయల్ చానెల్ (రెండు స్టిక్‌లు ఒకేసారి పనిచేసేలా) చేస్తే సరిపోదా? ర్యామ్ వేగం రెట్టింపవుతుంది కదా.

పెన్నాగట్టు:
వేగం అవుతుంది. డీడీఆర్3-1600 ఒక స్టిక్‌కి సెకనుకి 12.8 జీబీ, రెండు చానెళ్ళకి 25.6. యూహెచ్‌డీ 630, రైజెన్ వేగా లాంటి, కొత్త ప్రాసెసర్ల లోపలి గ్రాఫిక్స్‌కి అదే మొదటి మందు, తేడా కళ్ళకి కనబడుతుంది. ఇక్కడ మాత్రం తాగేవాడి గొంతే సన్నది, కుండ పెద్దదైతే ఏం లాభం. ఆరు యూనిట్లే ఉన్నప్పుడు ఆ డబ్బు కార్డు వైపు దాచుకోవడం మేలు.

ఒంగోలు గిత్త:
కార్డు సంగతి నేను చెప్తా. ముందు ఒక మంచి మాట: జీటీఏ 5 పాత పీసీ వెర్షన్‌కి రికమెండెడ్ ప్రాసెసర్ అచ్చంగా ఐ5-3470. ర్యామ్ 8 జీబీ, కార్డు జీటీఎక్స్ 660 2 జీబీ. అంటే నీ దగ్గర లేనిది ఒక్క కార్డే.

కొనే ముందు డబ్బా మూత తీసి మూడు చూడు. ఒకటి, ఎత్తు. వెనక స్లాట్ రేకు 12 సెంటీమీటర్లుంటే మామూలు కార్డు పడుతుంది, 8 దగ్గర ఉంటే లో ప్రొఫైల్ మాత్రమే. సన్న డబ్బా అన్నావు కాబట్టి రెండోదే అయ్యుంటుంది. కార్డుతో పాటు పొట్టి బ్రాకెట్ విడిగా అడిగి తీసుకో, అది లేకపోతే కార్డు స్క్రూకి నిలబడదు. రెండు, వెడల్పు. లో ప్రొఫైల్‌లో మంచివి చాలావరకు రెండు స్లాట్ల మందం. పక్క స్లాట్ ఖాళీగా ఉందా, ఎస్‌ఎంపీఎస్ (కరెంటు ఇచ్చే పెట్టె) గోడ అడ్డం వస్తుందా కొలుచుకో. మూడు, కరెంటు. ఇట్లాంటి డబ్బాల్లో ఎస్‌ఎంపీఎస్ సాధారణంగా 240 వాట్ల చుట్టూ, కార్డుకి వేరే వైరు రాదు. స్లాట్ ఇచ్చేది గరిష్ఠంగా 75 వాట్లు. 6 పిన్నులో 8 పిన్నులో అడిగే కార్డు జోలికి పోవద్దు. హార్డ్ డిస్కుకి కరెంటిచ్చే సాటా వైరు నుంచి 6 పిన్నుకి మార్చే ముక్క అంటగట్టి "నడుస్తుంది" అంటారు, ఆ కనెక్టర్ అంత లోడుకి చేసింది కాదు, కరిగిపోతుంది.

పేరు పక్కన ఎన్ని జీబీ అని చూసి పడిపోవద్దు, మెమరీ ఎంత వేగంగా పారుతుందో చూడాలి. జీటీ 730 డీడీఆర్3 64 బిట్ రకం సెకనుకి 14.4 జీబీ, 4 జీబీ అని రాసినా సరే. జీటీఎక్స్ 750 టీఐ 2 జీబీదే గానీ 86.4, కరెంటు 60 వాట్లు. 1050 టీఐ 4 జీబీ, 112, 75 వాట్లు. జీటీ 1030లో రెండు రకాలున్నాయి, ఒకే పేరు: జీడీడీఆర్5 అయితే 48, డీడీఆర్4 అయితే 16.8. పెట్టె మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది, చదివి తీసుకో. నీ డబ్బాకి 1050 టీఐ లో ప్రొఫైల్, వైరు అడగనిది దొరికితే అదే. వాలరెంట్ 144 ఫ్రేములకి చెప్పే కార్డు కూడా అదే. జీటీ 730 మీద మాత్రం రూపాయి పెట్టొద్దు.

కావలి కుర్రోడు:
పెన్నాగట్టు అన్నా, నువ్వు చెప్పినట్టే 2112, 32, 2080. ఫీచర్ లెవెల్ 11_0. రేకు కొలిస్తే 8 సెంటీమీటర్లు. నెల్లూరు ట్రంకు రోడ్డు వైపు సెకండ్ హ్యాండ్ 1050 టీఐ చూద్దామనుకుంటున్నాం. అక్కడికక్కడ ఎట్టా పరీక్ష చేయాలి? మానిటర్‌కి వీజీఏ ఒకటే ఉంది.

మైపాడు అల:
పెన్‌డ్రైవ్‌లో జీపీయూ-జెడ్ (కార్డు వివరాలు చూపే టూల్), ఫర్‌మార్క్ (కార్డుకి పూర్తి లోడు పెట్టి పరీక్షించే టూల్) వేసుకుని పో. కార్డు చేతికి రాగానే వెనక పోర్టులు చూడు. నిజమైన 1050 టీఐ చిప్ అనలాగ్ సిగ్నల్ ఇవ్వదు, అందుకే మామూలుగా వీజీఏ పోర్టు ఉండదు. నీలం రంగు వీజీఏ పోర్టు కనబడితే సగం అనుమానం అక్కడే పెట్టుకో. పాత జీటీఎక్స్ 550 టీఐ, జీటీఎస్ 450ల బయోస్ (కార్డులోని సొంత సాఫ్ట్‌వేర్) మార్చి ఈ పేరు పెట్టినవి తిరుగుతున్నాయి. విండోస్ ఆ దొంగ పేరే చూపిస్తుంది. జీపీయూ-జెడ్‌లో అయితే పేరు ముందు ఫేక్ అని పడుతుంది. అసలుదైతే చిప్ జీపీ107, షేడర్లు (చిప్‌లో లెక్కలు చేసే భాగాలు) 768, మెమరీ జీడీడీఆర్5 128 బిట్ ఉండాలి. ఈ నాలుగూ సరిపోతే పేరు నిజమే.

తర్వాత ఫర్‌మార్క్ 15 నిమిషాలు నడిపించు, పక్కన జీపీయూ-జెడ్ సెన్సర్స్ పేజీ తెరిచి పెట్టు. తెర మీద రంగు చుక్కలు, గీతలు, గళ్ళు పడితే మెమరీ పోతోంది, అక్కడే వదిలేసి రా. వేడి 80 దాటకుండా నిలబడితే సంతోషం. వేగం ఎందుకు ఆగిందో చెప్పే పెర్ఫ్‌క్యాప్ రీజన్ వరసలో థర్మల్ అని వస్తుంటే పేస్టు ఎండిపోయింది లేదా ఫ్యాన్ సరిగా తిరగట్లేదు. ఆ అంకె చూసేటప్పుడు కొట్లో ఏసీ ఉందా అని కూడా చూడు. ఏసీలో 78 చూపించిన కార్డు మే నెలలో మీ ఇంట్లో అంత చల్లగా ఉండదు. గదిలో ఎంత వేడి పెరిగితే కార్డు దాదాపు అంతా పెరుగుతుంది.

సముద్రం పక్క ఊళ్ళ నుంచి వచ్చిన కార్డులకి ఇంకో రోగం. ఉప్పు గాలికి బంగారు రంగు కాంటాక్టుల మీద మసక, ఒక్కోసారి ఆకుపచ్చ పొర. దానివల్ల బీప్ కొట్టి తెర రాకపోవచ్చు. పెన్సిలు గీతలు చెరిపే తెల్ల రబ్బరుతో పొడుగువాటుగా మెల్లగా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడిస్తే చాలు. సాండ్‌పేపర్ తాకిస్తే ఆ పూత పోయి మళ్ళీ పనికిరాదు.

మానిటర్ వీజీఏ కాబట్టి చౌకగా దొరికే డీవీఐ-వీజీఏ ముక్క పనిచేయదు. ఆ కార్డు డీవీఐలో అనలాగ్ పిన్నులే లేవు. లోపల చిప్ ఉన్న హెచ్‌డీఎంఐ-వీజీఏ కన్వర్టర్ కావాలి. బిగించాక కేబుల్ కొత్త కార్డు పోర్టుకే గుచ్చు. యూఎస్‌బీలు, నెట్ కేబుల్ ఉండే చోట పాత పోర్టులో వదిలేస్తే తెర రాదు, వచ్చినా గేమ్ హెచ్‌డీ 2500 మీదే నడిచి కార్డు ఖాళీగా కూర్చుంటుంది.

పెన్నాగట్టు:
ఒకటి కలుపుతా. కార్డు వేశాక ఎవరన్నా విండోస్ 11 వేయమంటే వద్దను. 11 మీద వాలరెంట్ టీపీఎం 2.0 (బోర్డులోని భద్రతా చిప్), సెక్యూర్ బూట్ (ఆన్ అయ్యేటప్పుడు జరిగే భద్రతా తనిఖీ) అడుగుతుంది. మూడో తరం ఆఫీసు బోర్డుల్లో టీపీఎం ఉన్నా సాధారణంగా 1.2 రకమే.

కావలి కుర్రోడు:
సరే అన్నా. వీజీఏ కన్వర్టర్, పొట్టి బ్రాకెట్ రెండూ రాసుకున్నా.