ఉబ్బునరాలా, ఉబ్బుసిరలా?

గుంటూరు కొత్తపేటలో ఆస్పత్రుల బోర్డుల మీద కనిపించే ‘వేరికోస్ వెయిన్స్’ అన్న మాట ఎక్కడిదని, దాన్ని తెలుగులో ‘ఉబ్బునరాలు’ అనడం తప్పు కాదా అని ఒక మిత్రులు అడిగారు. అది తప్పు కాదని నా అభిప్రాయం.

ముందు మూలపదం సంగతి. లాటిన్‌లో ‘వేరిక్స్’ అంటే ఉబ్బిన సిర, అంటే రక్తాన్ని తిరిగి గుండెకు చేర్చే నాళం. దాని విశేషణ రూపం నుంచి ఇంగ్లీషు ‘వేరికోస్’ వచ్చింది. క్రీస్తుశకం ఒకటో శతాబ్దపు రోమన్ రచయిత సెల్సస్, ఇలాంటి సిరలను వాత పెట్టి మాన్పడం గురించీ, కోసి తీసేయడం గురించీ రాశాడు. ఈ పదంలో కాలి ప్రసక్తి లేదు కనుకనే, కాలేయ వ్యాధిలో అన్నవాహిక లోపల ఉబ్బే సిరలను కూడా వైద్యులు ‘వేరిసెస్’ అంటారు. ఉబ్బినది గుండె నుంచి రక్తాన్ని తీసుకెళ్లే ధమని అయితే పేరు మారి ‘ఎన్యూరిజమ్’ అవుతుంది. వెడల్పు కావడం అనే అర్థమున్న గ్రీకు మాట అది.

ఇక మన ‘నరం’. తమిళంలో నరంబు, కన్నడంలో నర. ఈ భాషల్లో రక్తం పారే సిరకూ, స్పర్శను మోసే నాడికీ, కండరాన్ని ఎముకతో కలిపే పట్టుకూ కూడా ఇదే మాట చెల్లుతుంది. పాత తమిళంలో యాళ్ అనే వాద్యానికి కట్టే తీగ కూడా నరంబే. సెలైన్ పెట్టబోయే నర్సు “నరం దొరకడం లేదండీ” అన్నప్పుడు ఆమె చెబుతున్నది సిర గురించే. అదే ఆస్పత్రిలో ‘నరాల డాక్టరు’ అంటే మాత్రం మెదడు, నాడుల వైద్యుడు.

చిక్కంతా ఇక్కడే ఉంది. విజయవాడ బీసెంట్ రోడ్డు దుకాణాల్లో పొద్దస్తమానం నిలబడి పనిచేసే మనిషికి, సిరల్లోని కవాటాలు సరిగా మూసుకోక రక్తం కిందికి జారి నిలిచిపోయి, పిక్కల మీద మెలికలు తేలితే, ‘ఉబ్బునరాలు’ అన్న మాటను పట్టుకుని నరాల డాక్టరును వెతుక్కునే ప్రమాదం ఉంది. నిజానికి చూపించుకోవలసింది రక్తనాళాల వైద్యుడికి. అందువల్ల మాట్లాడేటప్పుడు ‘ఉబ్బునరాలు’ నిక్షేపంగా అనవచ్చు గాని, బోర్డుల మీదా ఆరోగ్య వ్యాసాల్లోనూ ‘ఉబ్బుసిరలు’ అని రాయడమే మేలు.

సుశ్రుతసంహితలోని ‘సిరాజగ్రంథి’ని తీసుకోవచ్చు కదా అంటే, అది గ్రంథుల వర్గంలో చెప్పిన గడ్డ, పిక్క పొడవునా పాకిన సిరలకు ఆ పేరు అతకదు. తెలుగు ‘ఉబ్బు’నూ సంస్కృత ‘సిర’నూ కలపడం కొందరికి రుచించకపోవచ్చు. అయితే మిశ్రమ సమాసానికి మన వ్యాకరణంలో చోటుంది.