శ్రీకాకుళంలో మూడు రోజులు: అరసవల్లి కాక ఇంకేం చూపించాలి?

బలగ అమ్మాయి:

అందరికీ నమస్తే. మాది శ్రీకాకుళం టౌనే, బలగలో పుట్టి పెరిగాను. పెళ్ళయ్యాక పన్నెండేళ్ళుగా నిజామాబాద్‌లో ఉంటున్నాం. ఈసారి దసరా సెలవులకి మా అత్తయ్య, మామయ్య, ఆడపడుచు, ఆవిడ ఇద్దరు పిల్లలు మా పుట్టింటికి వస్తున్నారు. సెప్టెంబరు 30 రాత్రికి శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో, అంటే ఆమదాలవలసలో దిగుతారు, మూడు రోజులుంటారు.

పోయినసారి వచ్చినప్పుడు అరసవల్లి సూర్యనారాయణ స్వామి గుడి చూపించి మర్నాడు పొద్దున్నే వైజాగ్ బస్సెక్కించేశాం. అప్పుడు అత్తయ్య "మీ ఊర్ల ఇంకేం లేవా బిడ్డా" అని మామూలుగానే అడిగింది. నేను కూడా ఆలోచించకుండా "చిన్న ఊరు అత్తయ్యా, ఏముంటాయి" అనేశాను. ఆ మాట అన్నందుకు నాకే ఇప్పటికీ బాధగా ఉంది. నిజం చెప్పాలంటే ఇక్కడే పుట్టి శాలిహుండం ఒక్కసారి కూడా ఎక్కలేదు, పొందూరు ఖద్దరు కట్టుకున్నాను గానీ పొందూరు వెళ్ళలేదు.

అరసవల్లి ఎలాగూ చూసేశారు కాబట్టి అది వదిలేసి మిగతావి ఎలా కలుపుకుంటే బాగుంటుందో చెప్పండి. అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు, మెట్లు ఎక్కువ ఎక్కలేదు. పిల్లలకి తొమ్మిదేళ్ళు, పదమూడేళ్ళు, గుళ్ళు మాత్రమే చూపిస్తే విసుగెత్తిపోతారు. కారు మాట్లాడుకుంటాం.

గార వాడిని:

అమ్మా, ముందు మా మండలం చూపించు. శ్రీకూర్మం, శాలిహుండం, కళింగపట్నం మూడూ గార మండలంలోనే ఉన్నాయి, ఒక్క రోజులో హాయిగా అయిపోతాయి.

పొద్దున్న టిఫిన్ చేసి శ్రీకూర్మం వెళ్ళండి, టౌన్ నుంచి 13 కిలోమీటర్లు అంతే. విష్ణువు కూర్మావతారంలో పూజలందుకునే గుడి, ఇలాంటివి దేశంలోనే అరుదు. స్వామి పడమటి ముఖంగా ఉంటాడు, రెండు ధ్వజస్తంభాలుంటాయి. చాలామంది దర్శనం చేసుకుని ప్రసాదం పట్టుకుని వెళ్ళిపోతారు, దయచేసి అలా చేయొద్దు. గర్భగుడి చుట్టూ ఉన్న మండపంలో నెమ్మదిగా నడవండి. నల్లరాతి స్తంభాల మీద శాసనాలు ఒకదాని పక్కన ఒకటి చెక్కి ఉంటాయి, వందకు పైగా ఉన్నాయి. మధ్వ సంప్రదాయానికి చెందిన నరహరి తీర్థులు ఈ ప్రాంతంలో అధికారం చేసిన రోజుల నాటి శాసనం, 1281 నాటిది, ఇక్కడే ఉంది. మీ పెద్దబ్బాయికో అమ్మాయికో పదమూడేళ్ళన్నారు కదా, పాత తెలుగు లిపిలో ఏ అక్షరం గుర్తుపట్టగలరో చూడమనండి. మా అన్న కొడుకు ఆ ఒక్క పని మీదే అరగంట నిలబడిపోయాడు, ముందు 'న' దొరికింది, ఆ తర్వాత 'ర' దొరికింది, ఇక కదిలితే ఒట్టు.

చిన్నవాళ్ళకైతే అక్కడి నక్షత్ర తాబేళ్ళు. గుడి ఆవరణలోనే పెంచుతారు. దగ్గర్నుంచి చూస్తే నల్లటి డిప్ప మీద ఒక్కో బుడిపె మధ్యలోంచి పసుపు గీతలు చుట్టూ విచ్చుకుని ఉంటాయి, అచ్చం పిల్లలు నోటుబుక్కులో గీసే నక్షత్రంలా. ఆకుకూర మెల్లగా కొరుకుతుంటే ఆ చిన్న నోరు తెరవడం, మెడ ముందుకు సాచడం చూస్తూ ఉండిపోవచ్చు. చేత్తో పట్టుకోనివ్వకండి, పాపం వాటికి బెదురు.

తర్వాత శాలిహుండం. వంశధార ఒడ్డున కొండ మీద బౌద్ధ స్తూపాలు, ఒక కొస గుండ్రంగా తిరిగిన చైత్యగృహాల (బౌద్ధుల ప్రార్థన మందిరాల) పునాదులు, అన్నీ ఇటుక కట్టడాలే. మన గిడుగు రామమూర్తి పంతులు గారు 1919లో ఈ చోటును బయటపెట్టారు. తవ్వకాల్లో ధాతువులు, అంటే పవిత్ర అవశేషాలు, దాచిన భరిణెలు, తార, మారీచి అనే బౌద్ధ దేవతల విగ్రహాలు దొరికాయి. పైన నిలబడితే కింద వంశధార ఇసుక మేటలు, పచ్చటి పొలాలు కనిపిస్తాయి. రెండువేల ఏళ్ళ కిందట భిక్షువులు ఈ కొండ ఎందుకు ఎంచుకున్నారో అక్కడ నిలబడితే మనకే తెలుస్తుంది.

అక్కణ్ణుంచి కళింగపట్నం అయిదారు కిలోమీటర్లు. ఒకప్పటి రేవు, లైట్‌హౌస్ ఉంది, వంశధార సముద్రంలో కలిసేది అక్కడే. సాయంత్రం నాలుగు దాటాక వెళ్ళండి. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తున్నాను, నది కలిసే చోట పిల్లల్ని నీళ్ళలోకి దింపొద్దు. పైకి ప్రశాంతంగా కనిపిస్తుంది, లోపల లాగేస్తుంది.

గుడివీధి మాస్టారు:

అమ్మాయీ, అరసవల్లి వదిలేస్తానంటున్నావు, నువ్వు రాసిన తేదీలు ఒకసారి చూసుకో. సెప్టెంబరు 30 రాత్రి దిగుతున్నారు కదా. సూర్యకిరణాలు గోపురం దాటి, అనివెట్టి మండపం మీదుగా గర్భగుడిలోకి వచ్చి స్వామి పాదాలను తాకేది సరిగ్గా ఆ అక్టోబరు మొదటి రోజుల్లోనే, మళ్ళీ మార్చి రెండో వారంలో. మామూలు రోజున చూసిన అరసవల్లి వేరు, ఆ తెల్లవారుజామున చూసే అరసవల్లి వేరు. ఉన్నది కొద్ది నిమిషాలే. మబ్బు పడితే కనిపించదు, జనం కూడా బాగా ఉంటారు, కాబట్టి మొదటి రోజు కుదరకపోతే రెండో రోజు వెళ్ళండి. నేను మూడేళ్ళు వరసగా వెళ్తే ఒక్కసారే పడింది. ఆ నల్లరాతి విగ్రహం పాదాల దగ్గర బంగారు రంగు అలా పైకి జరగడం చూసి మా ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తూర్పు గాంగ రాజు దేవేంద్రవర్మ ఏడో శతాబ్దంలో కట్టించాడని చెప్పే గుడి అది.

ఇక టౌన్‌లోనే ఉన్నవి ఎవరూ చెప్పరు, అందుకే నేను చెప్తున్నాను. మా గుడివీధిలో నాగావళి ఒడ్డున ఉమారుద్ర కోటేశ్వరస్వామి గుడి ఉంది. బలరాముడు నాగలితో గీస్తే ఈ నది పుట్టిందని, దారి పొడవునా అయిదు చోట్ల శివలింగాలు పెట్టాడని మనవాళ్ళు చెప్పుకుంటారు. పాయకపాడు, గుంప, సంగాం, మన శ్రీకాకుళం, చివరికి సముద్రం దగ్గర కళ్ళేపల్లి. అత్తగారికి ఈ కథ చెప్తూ సాయంత్రం పూట ఏటి గట్టు మీద కూర్చోబెట్టు. మెట్ల బాధ లేదు, ఖర్చు లేదు.

జామియా మసీదు కూడా చూపించు, 1640ల నాటిది, కుతుబ్‌షాహీల ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించింది. ఇంగ్లీషువాళ్ళు చికాకోల్ అని రాసుకున్నది మన ఊరినే, ఇక్కడి సన్నటి మస్లిన్ బట్టకు ఆ పేరుతోనే బయట గిరాకీ ఉండేది. చిన్న ఊరే, కాదనను. కానీ ఏమీ లేని ఊరు కాదమ్మా.

పొందూరు కోడలు:

మాస్టారు మస్లిన్ అన్నారు కాబట్టి నేనూ చెప్తాను. పొందూరు ఒక పూట పెట్టుకోండి, టౌన్ నుంచి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. షాపులో చీర కొనుక్కుని వచ్చేయకండి, వడికే వాళ్ళ ఇంటికి వెళ్ళి అడగండి, చాలామంది సంతోషంగా చూపిస్తారు.

మా అత్తగారు వడికేవారు. దూదిని శుభ్రం చేయడానికి వాలుగ చేప దవడ ఎముక వాడతారు. సన్నటి పళ్ళుంటాయి దానికి, దువ్వెనలా. గింజ మీది పత్తిని దాంతో దువ్వుతుంటే చెత్తా నలుసూ రాలిపోయి పోగులన్నీ ఒకే వైపుకి సాఫీగా వస్తాయి. ఆ పని యంత్రం చేయలేదని ఆవిడ ఎప్పుడూ అనేవారు. తర్వాత ఏకి, ఏకులు చుట్టి, ఒంటి కదురు రాట్నం మీద వంద కౌంటు దాకా తీస్తారు, కౌంటు పెరిగేకొద్దీ నూలు అంత సన్నం అన్నమాట. గాంధీగారు కొడుకు దేవదాస్‌ని పంపి ఈ పని చూసి రమ్మన్నారని మా ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. రోజంతా వంగి కూర్చుని వడికితే చేతికొచ్చేది తక్కువే, అందుకే ఇప్పటి ఆడపిల్లలు ఈ పనికి రావట్లేదు. చూడ్డానికి వెళ్ళినవాళ్ళు బేరమాడకుండా ఒక పంచె అయినా కొనండి, నా మాటగా.

బలగ అమ్మాయి:

మాస్టారూ, ఆ తేదీల సంగతి నాకు తట్టనే లేదు! చిన్నప్పుడు అమ్మ లేపినా లేవకుండా నిద్రపోయిన దాన్ని, ఈసారి అందరికంటే ముందు నేనే లేస్తాను. మొదటి రోజు అరసవల్లి, పొందూరు, సాయంత్రం ఏటి గట్టు. రెండో రోజు గార మండలం. మూడో రోజు తేలినీలాపురం పక్షుల దగ్గరికి వెళ్ళొచ్చా, లేక శ్రీముఖలింగమా? శాలిహుండం మెట్లు అత్తయ్య ఎక్కగలదా?

టెక్కలి మనిషి:

అక్కా, అక్టోబరు మొదట్లో తేలినీలాపురం తొందరపడటమే. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు అప్పుడప్పుడే వస్తుంటాయి, కొన్ని కనిపిస్తాయి గానీ నిండుగా ఉండవు. డిసెంబరు, జనవరిలో రండి, ఊళ్ళో చెట్ల మీద గూళ్ళు, పిల్లల అరుపులు, ఆ కొంగలు పొడుగు కాళ్ళు వేలాడేసుకుని దిగడం, అప్పుడు చూడాలి. పక్కనే నౌపడా ఉప్పు మడులు కూడా ఎండలో మెరుస్తూ బాగుంటాయి. సంక్రాంతికి ఎలాగూ వస్తారు కదా, అప్పటికి దాచుకోండి.

ఇప్పటికి శ్రీముఖలింగమే వెళ్ళండి. టౌన్ నుంచి 46 కిలోమీటర్లు, వంశధార గట్టున. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలు మూడూ అక్కడే. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదేనంటారు. ఇప్పుడు చిన్న పల్లెటూరు, వీధిలో వడ్లు ఆరబోసి ఉంటాయి, తలెత్తితే ఆ శిఖరాలు. ద్వారాల మీద లతలు, చిన్న చిన్న బొమ్మలు ఎంత సన్నగా చెక్కారంటే వేలు పెట్టి చూపిస్తే గానీ కనిపించవు. మెట్ల బాధ లేదు, మీ అత్తగారికి ఇబ్బంది ఉండదు. పొద్దున్నే బయల్దేరండి, మేము ఒకసారి మధ్యాహ్నం ఒంటిగంటకి చేరితే గుడి మూసేశారు, అమ్మానాన్నల్ని చెట్టు కింద కూర్చోబెట్టి సాయంత్రం దాకా ఎదురుచూశాం.

గార వాడిని:

శాలిహుండం సంగతి అడిగావు కదమ్మా. మోకాళ్ళ నొప్పులుంటే పై దాకా వద్దు. మెట్లు మరీ నిటారుగా ఉండవు గానీ నీడ తక్కువ, ఎండలో అలసిపోతారు. అత్తగారిని మామగారితో కింద చెట్టు నీడలో కూర్చోబెట్టి, మీరు పిల్లల్ని తీసుకుని ఎక్కండి. నీళ్ళ సీసాలు పట్టుకెళ్ళండి, పైన ఏమీ దొరకవు. దిగాక అందరూ కలిసి కళింగపట్నం వెళ్ళండి, అక్కడ ఆవిడ ఒక్క మెట్టు కూడా ఎక్కక్కర్లేదు, నదీ సముద్రం రెండూ కూర్చున్న చోటి నుంచే కనిపిస్తాయి.