ఒకేసారి మూడు ఓడలు దగ్గరికొస్తే ముందు దేని సంగతి చూడాలి?

ఓడలో డెక్ క్యాడెట్‌గా (ట్రైనీగా) చేసి, ఇప్పుడు సెకండ్ మేట్ (ఓడ ఆఫీసర్) ఓరల్ పరీక్షకి చదువుతున్నాను. రెండు ఓడల లెక్క అర్థమైంది. బేరింగ్ (ఎదుటి ఓడ మనకి కనిపించే దిక్కు) మారకుండా దూరం తగ్గుతుంటే ఢీకొనే ప్రమాదం ఉన్నట్టే. అడ్డంగా వచ్చే ఓడ మన కుడివైపు ఉంటే తప్పుకోవాల్సింది మనమే. కానీ 1972 కోల్‌రెగ్స్‌లో (ఓడలు ఢీకొనకుండా పెట్టిన అంతర్జాతీయ నియమాల్లో) ఈ రూల్స్ ఇద్దరి మధ్య తగువు తీర్చినట్టే ఉంటాయి.

సింగపూర్ జలసంధిలో ఓ రాత్రి వాచ్‌లో (ఓడ నడిపే డ్యూటీలో) కుడివైపు నుంచి ట్యాంకర్ అడ్డంగా వస్తోంది. సీపీఏ (రెండు ఓడలూ అతి దగ్గరగా వచ్చినప్పుడు ఉండే దూరం) 0.3 మైళ్లు, టీసీపీఏ (అందుకు మిగిలిన సమయం) 12 నిమిషాలు. స్టార్‌బోర్డ్‌కి (కుడికి) తిరుగుదామంటే అదే వైపు మమ్మల్ని ఓవర్‌టేక్ చేస్తూ కంటైనర్ షిప్. ఎడమవైపు ఏఐఎస్ (ఓడ తన వివరాలు రేడియోలో తెలిపే పరికరం) లేని చేపల పడవలు. ఆర్పాలో (ఓడల కదలికలు లెక్కగట్టే రాడార్‌లో) ట్రయల్ మనూవర్ పెడితే, అంటే తిరిగితే ఏమవుతుందో ముందే చూస్తే, ఒకటి క్లియరయ్యేసరికి ఇంకొకటి ఎర్రబడేది. చివరికి కెప్టెన్ గారు వేగం తగ్గించి ట్యాంకర్‌ని ముందు పోనిచ్చారు. ఎందుకని అడిగే ధైర్యం నాకు లేకపోయింది (ఆ టెన్షన్‌లో ఎవరడుగుతారు!).

ఇలాంటప్పుడు టీసీపీఏ తక్కువున్నదాన్ని ముందు చూడాలా, సీపీఏ తక్కువున్నదాన్నా? ఒక్కో ఓడతో విడిగా లెక్కేసి కలుపుకుంటే చాలా, లేక అన్నిటినీ కలిపి చూసే పద్ధతేమైనా ఉందా? బ్రిడ్జ్ (ఓడ నడిపే గది) మీద వాచ్ చేసినవాళ్లు మీరెలా ఆలోచిస్తారో కాస్త చెప్పండి.